తగిలిందండీ అన్న పిల్ల

అనగా అనగా, చలికాలమంతా మంచు కురిసే రొమేనియా అనే దేశం. ఎక్కడుందని అడక్కండర్రా, నేనూ చూళ్ళేదు. ఊఁ కొడితే చెప్తా, లేకపోతే పడుకుంటా.

ఆ దేశంలో ఓ పట్నం. ఆ పట్నంలో ఓ కత్తిసాము శాల. అక్కడి కుర్రాళ్ళు తెల్లచొక్కాలు తొడుక్కుని, మొహాలకి జల్లెడలాంటి ముసుగులు కట్టుకుని, సన్నటి కత్తులతో ఆడేవాళ్ళు. మొన మొద్దుదేలే, గుచ్చుకోదు. ముందు ఎవరు తాకిస్తే వాళ్ళది గెలుపు.

వాళ్ళ చొక్కాలు ఉతికే పిల్ల ఇలింకా. తల్లి లేదు, తండ్రి లేడు. ఉతికినవి తీగ మీద ఆరేస్తే గాలికి ఊగేవి. ఈవిడగారు పుల్ల పట్టుకుని వాటితో యుద్ధానికి దిగేది! కిటికీలోంచి చూసి నేర్చిన సామంతా వాటి మీదే. శాలలో ఆడాలని ప్రాణం కొట్టుకునేది.

ఓ రోజు ధైర్యం చేసి తలుపు తట్టింది.

"అయ్యగారూ, నన్నూ ఆడనివ్వండి."

గురువు పకపకా నవ్వాడు. "ఆడపిల్లకి కత్తెందుకే? సరే, మా పేత్రుని ఒక్కసారి తాకు. తాకితే నీకూ, ఊళ్ళో ఆడపిల్లలందరికీ తలుపు తీస్తా. ఏడాదికి ఒక్క ఆటే."

పేత్రు అంటే ఆ శాలకే మొనగాడు.

మొదటి ఏడు కలబడ్డారు. పేత్రు కత్తి ఇలింకా భుజాన్ని సన్నగా తాకింది. గురువు చూళ్ళేదు. పేత్రుకే తెలీలేదు. ఇలింకా ఆగి చెయ్యెత్తింది.

"తగిలిందండీ."

తలుపు మూశారు.

"పిచ్చిమొహమా! నోరు మూసుకుంటే పోయేదిగా!" అని ఏటి దగ్గర ఆడవాళ్ళు చీవాట్లు పెట్టారు.

"తగిలింది కదమ్మా, ఏం చెయ్యను?" అంది. అని, తడిచొక్కాలో మొహం పెట్టుకుని ఏడ్చింది పాపం.

రెండో ఏడు మోచేతికి తగిలింది. మళ్ళీ ఎవరూ చూళ్ళేదు. మళ్ళీ చెయ్యెత్తింది. "తగిలిందండీ." మళ్ళీ తలుపు మూశారు. ఇది చెప్పేటప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది!

మూడో ఏడు గురువు విసుక్కున్నాడు. "ఇదే ఆఖరు. ఓడితే మళ్ళీ ఈ గడప తొక్కకు."

అటు తిరిగారు, ఇటు తిరిగారు. ఇలింకా కత్తి సర్రున వెళ్ళి పేత్రు నడుముకి తాకీ తాకనట్టు తాకింది. గురువు చూళ్ళేదు.

"ఆగారేం? ఆడండి!" అని అరిచాడు.

ఇలింకా పేత్రు వైపు చూసింది. తగిలిందని తను చెప్పకూడదు. తగిలినవాడే చెప్పాలి, ఆ ఆట పద్ధతి అది. ఈసారి తగిలిందని పేత్రుకి తెలిసింది. చొక్కాలుతికే పిల్ల చేతిలో ఓడితే ఊళ్ళో తలెత్తుకోగలడా? కానీ ఈ పిల్ల రెండుసార్లు చెయ్యెత్తి ఓడిపోయింది, ఎలా మర్చిపోతాడు? మెల్లగా ముసుగు తీశాడు. మొహం కందగడ్డయిపోయింది. చెయ్యెత్తాడు.

"తగిలింది గురువుగారూ."

హమ్మయ్య! ఇచ్చిన మాట ఎక్కడికి పోతుంది? గురువు తలుపు బార్లా తీశాడు.

ఆపైన ఇలింకా దేశదేశాలు తిరిగి ఆడింది. గెలిచింది, ఓడింది, మళ్ళీ గెలిచింది. జుట్టు నెరిశాక అదే శాలలో ఆడపిల్లలకి సాము నేర్పింది. ముసలి పేత్రు పక్కన కూర్చుని చిన్నపిల్లలకి ముసుగు తాళ్ళు కట్టేవాడు.

ఆవిడ పోయిననాడు ఊరంతా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, అందరూ కలిసి శాలకెళ్ళి ఆ తలుపు కాస్తా ఊడబెరికేశారు.

ఇప్పటికీ ఆ శాలకి తలుపు లేదట. మంచు లోపలికొచ్చి పడుతుంది. ఊడ్చుకుని ఆడుకుంటారు. "చలెయ్యదూ? ఓ తలుపు పెట్టించుకోకూడదూ?" అని ఎవరైనా అడిగితే, ఆ ఊరి ఆడపిల్లలు కస్సుమంటారు.

"దారిలో ఏ పిల్ల వస్తోందో! వచ్చి తలుపు తట్టాలా ఏం?"