చెయ్యెత్తు తల్లి వెలసిన కథ

రేగుపాలెంలోని అమ్మవారు నిలువెత్తు నల్లరాతి మూర్తి. కుడిచెయ్యి తల దాటి నిటారుగా పైకి లేచి ఉంటుంది. కొత్తగా వచ్చినవారు దాన్ని అభయహస్తం అనుకుంటారు. కాదు, అభయహస్తం అంత ఎత్తుకు లేవదు. ఆ చెయ్యి అలా ఎందుకు లేచిందో తెలుసుకోకుండానే కొబ్బరికాయ కొట్టి బస్సెక్కేవారిని చూస్తే మాకు ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

పూర్వం ఇక్కడ గుడి లేదు. చింతతోపులో పసుపు రాసిన రాయి ఒకటి ఉండేది. ఆ రాయినే మరిడమ్మ తల్లి అని కొలిచేవారు. ఏటా చైత్రంలో జాతర జరిగేది. పూజారి పారమ్మ అమ్మవారి ఘటాన్ని నెత్తినెత్తుకుని ఏడు వీధులూ తిరుగుతుంటే, చుట్టుపక్కల ఇరవై ఊళ్ల జనం విరగబడి వచ్చేవారు. పారమ్మకు భర్త లేడు. ఉన్నదల్లా ఒక్కగానొక్క కూతురు చిట్టెమ్మ.

తెల్లదొరల కాలంలో ఒక ఏడు మాయదారి జ్వరం దేశమంతా పాకింది. తాలూకా నుంచి ఉత్తరువు వచ్చి, ఊళ్లో అయిదుగురితో ఆరోగ్య సంఘం ఏర్పడింది. కాంపౌండరు రామదాసు దానికి అధ్యక్షుడు. ఆ సంఘం చేసిన పనులు తలచుకుంటే ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది. సంతను ఊరి నడుమ నుంచి బీడులోకి మార్చి, కొట్టుకూ కొట్టుకూ మధ్య బండి పట్టేంత ఎడం పెట్టించారు. జ్వరం తగిలిన ఇంటి గుమ్మానికి వేపమండ కట్టించి, ఆ ఇంటివారికి రెండు పూటలా గంజి అరుగు మీదికే పంపారు. చావింటికి నలుగురికి మించి పోకూడదన్నారు. జనం గొణిగారు గాని, మాట విన్నారు.

చిక్కల్లా జాతర దగ్గర వచ్చింది. రామదాసూ బడిపంతులూ ఈ ఏటికి ఆపాలన్నారు. ఊరిపెద్ద ముకుందనాయుడు, వర్తకుడు గురువులు మాత్రం, ఆపితే తల్లి కన్నెర్రజేస్తుందన్నారు. ఇక మిగిలింది పారమ్మ. ఆమెను సంఘంలో వేయించింది నాయుడుగారే. ఎంతైనా పూజారి కదా, జాతర వద్దంటుందా అని ఆయన ధీమా. పైగా చిట్టెమ్మకు అప్పటికే జ్వరం తగిలి మూడు రోజులైంది. కళ్లు తెరవడం లేదు. ఈసారీ నీ ఘటం ఎత్తుతాను, నా బిడ్డను నాకు వదిలెయ్యమని పారమ్మ తల్లికి మొక్కుకుని ఉంది.

సంగతి తేల్చడానికి సంఘం చావడిలో కూడిన నాడు, వేపమండ కట్టిన ఇంటి మనిషి కనుక పారమ్మ లోపలికి రాలేదు. వీధికి అవతల నిలబడింది. అక్కడి నుంచి మాట సరిగా వినబడదని, జాతర ఆపాలన్నవారు చెయ్యెత్తండని రామదాసు గట్టిగా చెప్పాడు. ఆయనదీ పంతులుదీ రెండు చేతులు లేచాయి. అందరూ వీధి అవతలికి చూశారు. పారమ్మ ఒకసారి తన ఇంటివైపు చూసుకుంది. తరవాత, ఏటా ఘటాన్ని పట్టే ఆ కుడిచేతినే పైకెత్తింది.

నాయుడుగారికి ఒళ్లు మండిపోయింది. "తల్లికి ఏం జవాబు చెబుతావే పారమ్మా?" అని చావడి అరుగు మీద నుంచే కేకేశారు.

"నా పిల్ల కోసం ఇరవై ఊళ్ల పిల్లల్ని ఈ జొరంలోకి పిలవలేను బాబూ" అని గొంతెత్తి చెప్పింది పారమ్మ.

ఊరు ఆమెను దుమ్మెత్తిపోసింది. కన్నబిడ్డనే బలిపెట్టుకుందన్నారు. పారమ్మ మొక్కు తప్పానన్న భయంతో లోలోపల కుమిలిపోయింది. జాతర జరగవలసిన నాటి మిట్టమధ్యాహ్నం, కూతురి మంచం పక్కనే కూర్చుని కునుకు తీసింది. కలలో పసుపు చీర కట్టిన ముసలావిడ వచ్చి గడప అవతలే ఆగిపోయింది. లోపలికి రా తల్లీ అని పారమ్మ బతిమాలింది.

"జ్వరమున్న ఇల్లు కదే. నేనే గడప దాటలేదు, ఊళ్లనెలా రమ్మంటాను? ఆ రోజు నువ్వెత్తిన చెయ్యి నాదే" అంది ఆ తల్లి.

పారమ్మ ఉలిక్కిపడి లేచేసరికి చిట్టెమ్మ గంజి అడుగుతోంది.

అందరూ బతికారని రాసి పుణ్యం మూటగట్టుకోవడం మాకు ఇష్టం లేదు. ఊళ్లో పదిహేడు మంది పోయారు. ఇరవై ఊళ్లూ ఒకచోట చేరి ఉంటే ఎందరు పోయేవారో ఆ తల్లికే తెలియాలి. చిట్టెమ్మ తేరుకున్న మర్నాడు నాయుడుగారే గంజికుండ తెచ్చి పారమ్మ అరుగు మీద పెట్టి, వీధి అవతలికి వెళ్లి నిలబడి చెయ్యెత్తారు. తరవాత ఈ గుడి కట్టించి, అమ్మవారికి పారమ్మ చెయ్యే పెట్టించింది కూడా ఆయనే.

నేటికీ జాతరనాడు ఘటం ఎత్తే ముందు, పారమ్మ వంశపు ఆడపడుచు గుడిమెట్ల మీద నిలబడి, ఇంట జ్వరమున్నవారు చెయ్యెత్తమని మూడుసార్లు అడుగుతుంది. ఒక్క చెయ్యి లేచినా ఘటం ఆగుతుంది. ఆ ఇల్లు కోలుకునేదాకా గంజి ఊరిదే. చెయ్యెత్తినవారిని పల్లెత్తు మాట అనకూడదు. మొన్నటి కరోనా ఏడు, అడగవలసిన ఆడపడుచే అందరికంటే ముందు చెయ్యెత్తింది. రెండేళ్లు ఘటం కదల్లేదు.

జ్వరం వల్ల రాలేక ఇంట్లోనే ఆగిపోయినవారికి, వచ్చి మొక్కినవారి ఫలమే దక్కుతుందని ఇక్కడి నమ్మకం. ఈ పుస్తకం పట్టుకుని దర్శనం వరుసలో నిలబడ్డ మీకు ఇప్పుడు ఒళ్లు వెచ్చగా ఉంటే, మొహమాటపడకండి. అక్కడే ఆగి చెయ్యెత్తండి. గంజి మీ దగ్గరికే వస్తుంది.