కరెంటు పోయొచ్చిన రోజు

అడిగిన ప్రశ్నకు కూర్చున్నచోటే జవాబు చెప్పే అలవాటు కూర్మారావు మాస్టారికి లేదు. ముప్ఫై ఏళ్లు సర్వర్లతో కుస్తీపట్టి, ఇప్పుడు ఆ పని పదిమందికి నేర్పుతున్న మనిషి. ఆ ఉదయం శిష్యురాలు వకుళ మండిపడుతూ వచ్చింది.

“నేను బాగుచేసిన సర్వర్ మళ్లీ ఆగిపోతే తప్పు నాదెలా అవుతుంది మాస్టారూ? నేను లేచి వచ్చేటప్పుడు పనిచేస్తోంది. అందరూ చూశారు!”

మాస్టారు చెప్పులు వేసుకుని, “పద,” అన్నారు.

అది చేపల రేవు ఆఫీసులోని సర్వర్. సముద్రం ఎలా ఉందో చెప్పే వెబ్‌సైటు దాంట్లోనే నడుస్తుంది. పడవలవాళ్లు ఫోన్లలో అది చూసుకునే వేటకు బయలుదేరతారు. మూడు నెలల్లో మూడుసార్లు ఆ సైటు తెరుచుకోలేదు. మూడుసార్లూ వకుళే వెళ్లి సరిచేసింది. నాలుగోసారి, మొన్ననే, హెచ్చరిక ఎవరికీ అందలేదు. ఒక పడవ బోల్తాపడి, ఇద్దరు చచ్చీచెడీ ఒడ్డుకు ఈదుకొచ్చారు.

మేనేజరు సుదర్శనం వాళ్లను కూర్చోమని కూడా అనలేదు. “ఎవరి పనో తెలిసిపోయిందిలెండి. ఊడ్చే ఎర్రమ్మ. ఆ గదిలోకి రోజూ వెళ్లేది ఆవిడొక్కతే. వైర్లు కదిలించేస్తోంది. నిన్న అందరిముందూ నాలుగు దులిపి, పనిలోంచి తీసేశాను.”

వకుళ మనసు తేలికపడింది. అలా తేలికపడినందుకు ఆమె తరవాత చాలాకాలం సిగ్గుపడింది.

“ముందు బాగుచెయ్యి,” అన్నారు మాస్టారు. ఆమె సర్వర్ ముందు కూర్చుని నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తుపట్టే అడ్రస్ టైపు చేసింది. రెండు నిమిషాల్లో సైటు తెరుచుకుంది. “చూశారా!” అంది గర్వంగా. మాస్టారు సర్వర్‌ను ఆపి, మళ్లీ ఆన్ చేశారు. దీపాలన్నీ వెలిగాయి. సైటు మాత్రం రాలేదు. వైర్లను ఎవరూ ముట్టుకోలేదు. అడ్రస్ ఉండాల్సిన చోట ఏమీ లేదు.

వకుళకు అప్పుడు అర్థమైంది. తను ఇచ్చిన అడ్రస్ సర్వర్ ఆగేదాకానే నిలుస్తుంది. అది మళ్లీ మొదలైనప్పుడు చదువుకునే ఫైల్లో తను ఏనాడూ దాన్ని రాయలేదు. ఇప్పుడు రాసింది. మాస్టారు రెండుసార్లు ఆపి ఆన్ చేశారు. రెండుసార్లూ సైటు దానంతటదే వచ్చింది.

గుమ్మం దగ్గర అలికిడైంది. మళ్లీ పనిలో పెట్టుకోమని అడగడానికి వచ్చిన ఎర్రమ్మ, ఎప్పట్నుంచి నిలబడి ఉందో, అక్కడ ఉంది.

“నాను వైరు ముట్టలేదు బాబూ,” అంది మాస్టారితో. “కరెంటు పోయొచ్చిన రోజే ఇలాగవుతాదని మేనేజరు బాబుకి సెప్పినాను. ఈ అమ్మకీ రెండుసార్లు సెప్పినాను.”

నిజమే. వెనకనుంచి ఎవరో ఏదో అంటే, తెరమీంచి కళ్లు తిప్పకుండా “సరే, సరే” అన్నట్టు వకుళకు లీలగా గుర్తుంది.

“సరేలే, రేపట్నుంచి రా,” అన్నాడు మేనేజరు, చేతిలో కాగితాలు తిరగేస్తూ.

వకుళ ఇక ఆగలేకపోయింది. “అంతేనా? తప్పు నాది. ఆవిడ చెప్పినా పట్టించుకోనిది మీరు. అందరిముందూ నింద వేశారే, ఆ అందరిముందే తప్పయిందని చెప్పండి!”

“సర్వర్ బాగైందిగా అమ్మా, ఇంకా ఈ గొడవేమిటి?” అన్నాడాయన.

చివరికి వకుళే చేపల వేలంపాటలు జరిగే షెడ్డులోకి ఎర్రమ్మను వెంటబెట్టుకుని వెళ్లి, తప్పు తనదని పడవలవాళ్లందరికీ వినిపించేలా చెప్పింది. ఎర్రమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

తిరుగుదారిలోనూ వకుళ కోపం చల్లారలేదు. “అన్నీ తెలిసి చెప్పిన మనిషి మాటను అలా తీసిపారేస్తాడా మాస్టారూ? ఆయన అసలు మనిషేనా?”

మాస్టారు ఆమె వైపు తిరిగారు.

“ఆయన నమ్మలేదు,” అన్నారు. “నువ్వు వినలేదు.”