కండువా కట్టు

శరభయ్య మందిచ్చిన మనిషి మూడో రోజుకి చచ్చిపోయాడు. ఎందుకు పోయాడో శరభయ్యకి అంతుపట్టలేదు.

పోయినవాడు చెన్నప్ప, మగ్గం నేసేవాడు. సొంత ఊళ్లోనే వైద్యుడున్నాడు. అయితే ఆయన ఎప్పట్నుంచి, ఎక్కడ, ఎలా అని సవాలక్ష అడుగుతాడట! ఆ కాలంలో అదో వెర్రి. రోగి నోరు విప్పకూడదు, చెయ్యి చాపాలి. నాడి పట్టుకుని రోగం చెప్పేస్తే మహావైద్యుడు, నోరు తెరిచి అడిగితే చేతకానివాడు. శరభయ్య ఎవర్నీ ఏమీ అడగడని విని చెన్నప్ప భార్యని వెంటబెట్టుకుని రెండు కోసులు నడిచి వచ్చాడు.

శరభయ్య నాడి చూశాడు. పైత్యమన్నాడు. విరేచనాలకి మందిచ్చి పంపాడు.

ఇప్పుడు గురువు విరూపాక్షయ్య ముందు కూర్చుని అదే చెప్పుకున్నాడు. "నాడి సరిగ్గానే చూశాను గురువుగారూ. ఎంతమందికో ఇచ్చిన మందే. వాడి ఆయుష్షు తీరిందేమో."

ముసలాయన భుజమ్మీది కండువా తీసి, శిష్యుడి కుడిచేతికి వేళ్ల నుంచి మణికట్టుదాకా చుట్టి ముడేశాడు.

"పద," అన్నాడు.

చెన్నప్ప ఇంట్లో మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంది. భార్య ఓబులమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది.

"అడుగు," అన్నాడు గురువు.

"ఇంకేం అడగను? మనిషే లేడు కదా."

"ఆరోజు అడగాల్సింది అడుగు."

శరభయ్య ఓబులమ్మ వైపు తిరిగాడు. "చెన్నప్పకి ఏమైందమ్మా?"

"మీ కాడికి రాకముందు నెత్తురు కక్కినాడు స్వామీ, రెండు దినాలు. ఆ పొద్దు మీ ఇంటి మలుపులో గూడా కక్కి, నోరు కడుక్కోని లోపలికొచ్చినాడు."

నెత్తురు కక్కేవాడికి విరేచనాల మందా!

"ఆ ముక్క నాతో చెప్పొద్దా అమ్మా!" అని అరిచాడు శరభయ్య.

ఓబులమ్మ తలెత్తి చూసింది. "చెప్పబోయినా స్వామీ. 'నువ్వుండమ్మా, నాడి చెబుతుంది' అంటిరి గదా."

ఆ మాట తను అన్నాడు. రోజూ అనేదే.

తిరిగి వచ్చేసరికి శరభయ్య ఇంటి అరుగు మీద ఒక అవ్వ కాచుకుని ఉంది. అతన్ని చూడగానే, పలకరింపైనా లేకుండా చెయ్యి చాపింది.

గురువు కండువా ముడి విప్పబోయాడు. శరభయ్య చెయ్యి వెనక్కి లాక్కుని ఆమె ముందు కూర్చున్నాడు.

"చెప్పవ్వా. ఏమైంది?"

అవ్వ కట్టుకేసి, అతని మొహంకేసి అనుమానంగా చూసింది. "ఏమప్పా, నాడి చూసేదానికి రాదా నీకు?"

"రాదవ్వా," అన్నాడు శరభయ్య. "నువ్వే చెప్పాల."