కొండబాటలో తాడు

పూర్వం ఒక కొండకోటకు వీరమల్లుడు అధిపతి. ఒకనాడు కొండబాటలో ఎవరిదో కుక్క మీదికి ఉరకగా బోయీలు బెదిరి, ఆయన పల్లకి ఒరిగింది. ఆ సాయంత్రమే దండోరా వేయించాడు: బాటలో ప్రతి కుక్కా యజమాని చేతి తాడుకు కట్టి ఉండాలి, విడిగా తిరిగితే భటులు కోటకు పట్టుకుపోతారు.

గొర్రెలు కాచుకొని బతికే సింగమ్మ కోటకు వెళ్లింది. "దొరా, మందను నడిపేది నా కుక్క బూచిగాడే. వాణ్ణి కట్టేస్తే గొర్రెలు నా మాట వినవు."

"నీ గొర్రెల కోసం నియమం మారదు."

సింగమ్మ ఇంటికి తిరిగి వచ్చింది. మరునాడు బూచిగాణ్ణి తాడుతో పట్టుకొనే మందను తోలుకు వెళ్లింది. ఒక పక్క బండ, మరో పక్క లోయ ఉన్న ఇరుకుచోట గొర్రెలు బాటంతా నిండి నిలిచిపోయాయి. రాజదర్శనానికి పోతున్న అధిపతి పల్లకి వచ్చి అక్కడే ఆగింది.

"మందను తప్పించు."

"తప్పించేవాడు తాడుకు ఉన్నాడు దొరా."

"అయితే విప్పు."

"విప్పితే భటులు పట్టుకుపోతారు."

"నేను చెబుతున్నాను కదా."

"కట్టమన్నదీ తమరే. ఆ మాట దండోరాతో చెప్పించారు. ఈ మాటా అలాగే చెప్పించండి."

అధిపతి ఎక్కివస్తున్న పొద్దును చూశాడు. పల్లకి ముందు డప్పు కొట్టేవాడి చేత, వెనుక ఆగిన బాటసారులందరూ వినేలా చాటించాడు: మంద తోలే కుక్కకు, తోలుతున్నంతసేపు తాడు అక్కరలేదు.

సింగమ్మ ముడి విప్పింది. బూచిగాడు గొర్రెలన్నిటినీ బండవైపు ఒదిగించాడు. దారి తెరుచుకోగానే ఆమె వాణ్ణి పిలిచి మళ్లీ తాడు కట్టింది.

"అనుమతి ఇచ్చాను గదా, మళ్లీ కట్టావేం?" అన్నాడు అధిపతి.

"పల్లకి దాటేదాకా వాడికి పని లేదు దొరా. పని లేని కుక్కకు తాడు ఉండవలసిందే."