కండక్టరుగారి గొంతు

"యంత్రం నీ మాట విన్నదని మురిసిపోకు. అది ఎవడి మాటైనా వింటుంది. దొంగ మాటా వింటుంది, తొందరపాటు మనిషి మాటా వింటుంది. నిద్రపుచ్చమని చెప్పినదాన్ని తుడిచేసిన నీకు పని వచ్చునని ఎవరన్నారు?"

మాణిక్యాంబగారి నోట ఇంత కఠినమైన మాట తారకేశ్ అంతకు ముందెన్నడూ వినలేదు. శభాష్ అంటారనుకున్నాడు. అందుకే తెరను ఆవిడ వైపు తిప్పి మరీ చూపించాడు.

కాకినాడలో, జగన్నాథపురం వంతెనకు ఇవతల, ఒక మేడ మీది గదిలో ఆవిడ శిష్యులకు పని నేర్పేవారు. ఆ పని సంగతి రెండు మాటల్లో చెప్పాలి. ఈ రోజుల్లో ఆస్పత్రులూ బడులూ చిన్న చిన్న సంఘాలూ తమ కంప్యూటర్లను తమ దగ్గర పెట్టుకోవడం లేదు. ఎక్కడో దూరాన పెద్ద కంపెనీలు కట్టిన భవనాల్లో అద్దెకు తీసుకుంటున్నాయి. దాన్ని క్లౌడ్ అంటున్నారు. అక్కడి యంత్రం చేతికి తగిలేది కాదు. పేరు పెట్టి పిలిస్తే లేస్తుంది, పడుకోమంటే పడుకుంటుంది, పొమ్మంటే ఆనవాలు లేకుండా పోతుంది. నల్లని తెర మీద ఆజ్ఞలు టైపు చేసి వాటిని నడపాలి. ఆ ఆజ్ఞలన్నీ వరసగా ఒక ఫైల్లో రాసి పెట్టుకుంటే దాన్ని స్క్రిప్టు అంటారు. ఒక్క మీట నొక్కితే ఎన్ని యంత్రాలైనా దానికి తలొంచుతాయి.

మాణిక్యాంబగారికి ఒక పద్ధతి ఉండేది. అక్కర్లేదనుకున్న యంత్రాన్ని ఆవిడ వెంటనే తుడవనిచ్చేవారు కారు. ముందు ఆపమనేవారు. దానికి ఆవిడ పెట్టిన పేరు నిద్రపుచ్చడం. ఆ తర్వాత చాలా రోజులు ఊరుకోవాలి. ఎవరైనా వెతుక్కుంటూ వస్తే లేపి ఇచ్చేయాలి. ఎవరూ రాకపోతేనే తుడవాలి. అప్పుడు కూడా ఆవిడ రాసిన స్క్రిప్టు ఒక ప్రశ్న వేసేది: "దీని మీద ఆధారపడిన మనిషి ఎవరు?" జవాబు చేత్తో టైపు చేస్తే తప్ప అది ముందుకు కదలదు.

తారకేశ్ చురుకైన కుర్రాడు. చురుకు మంచిదే, కానీ కళ్లెం లేని చురుకు పెరట్లో పడ్డ ఎద్దు లాంటిది. ఆవిడ బంధువుల పెళ్లికి భీమవరం వెళ్లినప్పుడు, వెళ్లేముందు అతనికి ఒక పని చెప్పారు. కొన్నాళ్లుగా ఎవరూ తలుపు తట్టని యంత్రాలుంటే నిద్రపుచ్చమన్నారు. అతను ఇంకాస్త ముందుకు వెళ్లి తన స్క్రిప్టు రాశాడు. నెల రోజులు కదలకుండా పడి ఉన్న ప్రతి యంత్రాన్నీ, దాని డిస్కులతో, దాచిన నకళ్లతో సహా తుడిచెయ్యమన్నాడు. ఆవిడ ప్రశ్న మధ్యలో అడ్డం వస్తుంటే, ప్రతిసారీ దానంతటదే జవాబు పడేలా "ఎవరూ లేరు" అని రాసిపెట్టాడు. మీట నొక్కి, టీ తాగి వచ్చేసరికి పని అయిపోయింది.

"మేడంగారూ, నెల్లాళ్లుగా వాటిని పలకరించినవాళ్లే లేరు. నిద్రపుచ్చితే ఏమిటి, తుడిచేస్తే ఏమిటి? తేడా ఏముంది చెప్పండి" అన్నాడు తారకేశ్, భీమవరం నుంచి తిరిగొచ్చిన ఆవిడ చివాట్లు విని. అతని గొంతులో పౌరుషం ఉంది. నిజంగా తెలుసుకోవాలన్న కోరికా ఉంది.

మాణిక్యాంబగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇప్పుడు చెప్తే నీకు వినపడదు" అని ఊరుకున్నారు.

వారం తిరక్కుండా ఫోను మోగింది. రామచంద్రపురం నుంచి రాజ్యమ్మ అనే ఆవిడ మాట్లాడింది. మాణిక్యాంబగారు అంతా విని, ఫోను పెట్టేసి, "తారకేశ్, చెప్పులు వేసుకో. ఊరెళ్లాలి" అన్నారు. ఎందుకో చెప్పలేదు. బస్సులో ఆవిడ కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చున్నారు. ప్రతి ఊళ్లోనూ కండక్టరు వెనక్కి తిరిగి, దిగినవాళ్లు ఎక్కారో లేదో చూసుకుని, అప్పుడు "రైట్" అనేవాడు.

ఆ ఇంట్లో మడత కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మెడ ముందు తెల్లని గుడ్డ కట్టుకుని ఉన్నాడు. పేరు పుల్లేశ్వరరావు. ఒకప్పుడు బస్సు కండక్టరు. వచ్చినవాళ్లను చూసి చేతిలో ఉన్న పాత టికెట్ పంచ్‌ను కుర్చీ చేతి మీద టకటక కొట్టాడు. లోపల్నుంచి రాజ్యమ్మ వచ్చింది.

"గొంతులో పుండని ఆపరేషన్ చేశారు బాబూ, గొంతు తీసేశారు" అందామె తారకేశ్‌తో. "తీసేముందు, గొంతు పోయినవాళ్లకి సాయం చేసే సంఘం వాళ్లు వచ్చి ఈయన మాటలన్నీ రికార్డు చేసుకున్నారు. ఇదిగో, ఈ పలకలాంటిదాంట్లో ఈయన రాస్తే ఈయన గొంతే పలికేది. నెలన్నర మళ్లీ ఆస్పత్రిలో ఉన్నాం, నిమ్ముచేసి. అక్కడ దీన్ని ముట్టనే లేదు. ఇంటికొచ్చి రాస్తే పలకదు. సంఘం వాళ్లనడిగితే మీ నంబరు ఇచ్చారు. ఎప్పటికి బాగవుద్ది బాబూ?"

తారకేశ్ గురువు వైపు చూశాడు. ఆవిడ గోడ మీది క్యాలెండరు చూస్తున్నారు. తన బదులు ఆవిడ ఆ మాట చెప్పరని అతనికి అర్థమైంది. ఎవరూ లేరు అని తను రాసిన జవాబు ఎదురుగా మడత కుర్చీలో కూర్చుని తననే చూస్తోంది.

"బాగవదండీ" అన్నాడు. "ఆ గొంతు ఇంకెక్కడా లేదు. రికార్డులతో సహా ఆ గొంతు దాచిన యంత్రాన్ని నేనే తుడిచేశాను. ఎవరూ వాడడం లేదనుకున్నాను."

రాజ్యమ్మ చేతిలో గ్లాసు కింద పెట్టింది. పుల్లేశ్వరరావు కాసేపు అతన్ని ఎగాదిగా చూశాడు. తర్వాత ఒక కాగితం ముక్క తీసుకుని పెన్సిలుతో రాసి అందించాడు. "టీ తాగడానికి దిగితే బండి లాగించేశావా బాబూ?"

తిట్టినా బాగుండుననిపించింది తారకేశ్‌కి. ఆ కాగితం పట్టుకుని అతను ఏడ్చాడు. కండక్టరుగారే లేచి వీపు తట్టాడు.

కాకినాడ చేరాక అతనే కొత్త యంత్రాన్ని లేపి, బజార్లో దొరికే గొంతులను ఒక్కొక్కటే పెట్టి ఫోన్లో వినిపించాడు. రాజ్యమ్మకు ఏదీ నచ్చలేదు. "ఈవిడెవరండీ బాబూ, రైలు స్టేషన్లో ఆవిడలా ఉంది!" అంది ఒకదానికి. "వార్తలు చదివేవాడు మా ఇంట్లో కాపురం పెట్టినట్టుంది" అంది ఇంకోదానికి. ఆఖరికి, "మనిషి గొంతులా ఉంటే చాలు, ఎవరిదైనా సరే" అంది నీరసంగా.

అప్పుడు తారకేశ్ తన గొంతు ఇస్తానన్నాడు. ఇమ్మని ఎవరూ అడగలేదు. ఫ్యాను చప్పుడు రాకూడదని ఆపేసి, తలుపులు మూసి, చెమటలు కక్కుతూ పుస్తకాలకు పుస్తకాలు చదివాడు. ఆ తర్వాత రాజ్యమ్మ చెప్పిన మాటలు చదివాడు. "రాజ్యం, కూరలో ఉప్పెక్కువేశావే." "రాజ్యం, కాస్త ముందుకు జరగాలి, ముందుకు." "నువ్వు తిన్నావా?" పెళ్లి కాని కుర్రాడికి ఆ చివరి మాట సరిగ్గా పలకడం రాలేదు. మళ్లీ మళ్లీ చదివాడు. పక్కగదిలో మాణిక్యాంబగారు పని ఆపి వింటున్నారని అతనికి తెలియదు.

ఆ గొంతు రామచంద్రపురంలో పలికింది. మొదట్లో రాజ్యమ్మ ఉలిక్కిపడేదట. తర్వాత అలవాటైందట. ఆ తర్వాత ఎదురు చెప్పడం కూడా మొదలుపెట్టిందట. ఫోన్లో ఈ మాట వినగానే తారకేశ్‌కి గుండె తేలికపడింది. వానలు వెలిశాక, బత్తాయిలు కొనుక్కుని ఆ ఇంటికి వెళ్లాడు. పెద్దాయన కుర్చీలో కునుకు తీస్తున్నాడు.

"బాగున్నారా?" అన్నాడు గుమ్మంలోంచి.

"వస్తన్నానండీ, ఊరికే కంగారు! పొయ్యి మీద పులుసుంది" అని, మాట పూర్తిగా వినకుండానే, వంటింట్లోంచి విసుగ్గా, ప్రేమగా జవాబు వచ్చింది. చేతులు తుడుచుకుంటూ వచ్చిన రాజ్యమ్మ ముందు నిద్రపోతున్న మొగుణ్ని చూసింది. తర్వాత గుమ్మంలో నిలబడ్డ కుర్రాణ్ని చూసింది. ఆమె మొహంలో రంగు పోయింది. వంటింటి గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

కాసేపటికి దగ్గరకొచ్చి, బత్తాయిల సంచి అందుకుని, మెల్లగా అంది. "ఏమనుకోకు బాబూ. ఈ ఇల్లు నీదే. ఎప్పుడైనా రా, నా చేతి అన్నం తిను. మా ఇంట్లో మాట్లాడకు మాత్రం. ఆ గొంతు ఇప్పుడు ఈయనది. ఇంకో నోట్లోంచి వస్తే నేను తట్టుకోలేను."

తారకేశ్ తలూపాడు. ఆమె విస్తరి వేసింది. పులుసు బాగుందని చెప్పాలనిపించింది, నోరు తెరవలేదు. అన్నం చాలని చెయ్యి అడ్డం పెట్టాడు. ఇంతలో పెద్దాయన మేలుకుని, అతన్ని చూసి నవ్వి, పంచ్ టకటకలాడించి, పలక మీద ఏదో రాశాడు. తారకేశ్ సొంత గొంతు, అతను తనకోసం ఎన్నడూ వాడని ఆప్యాయతతో, గది అంతా వినపడేలా అంది:

"రాజ్యం, కుర్రాడికి మజ్జిగ పొయ్యి."

తల వంచుకుని మజ్జిగ తాగాడు. ఆనాటి నుంచి ఆ ఇంటికి ఎన్నిసార్లు వెళ్లినా అతను నోరు విప్పలేదు. తనను కన్నబిడ్డలా చూసే ఆ ఒక్క ఇంట్లో, తన గొంతు మీద తనకు హక్కు లేదు.

మొదటిసారి అలా వెళ్లి వచ్చిన సాయంత్రం అతను మేడ మెట్లెక్కి వచ్చి, ఏమీ మాట్లాడకుండా తన కుర్చీలో కూర్చున్నాడు. అప్పటికే రాజ్యమ్మ ఫోను చేసి జరిగింది చెప్పింది. మాణిక్యాంబగారు తెర మీంచి చూపు తిప్పలేదు.

"నిద్రపుచ్చడానికీ తుడవడానికీ తేడా ఏమిటని ఒకప్పుడు అడిగావు" అన్నారు.

తారకేశ్ పెదవులు కదిలాయి. మాట రాలేదు. ఆవిడ కళ్లజోడు తీసి, అతని వైపు తిరిగి చూశారు.

"ఇక్కడ మాట్లాడొచ్చులే, నాయనా" అన్నారు.