చెలమలు తవ్వే ఏనుగులు

అనగనగా ఒక అడవిలో ఒక ఏరు ఉండేది. వానాకాలంలో గట్లు తాకుతూ పారేది. వేసవి వస్తే ఇసుక తప్ప ఏమీ కనిపించేది కాదు. నీళ్ళు ఆ ఇసుక అడుగున ఉండేవి. పిల్లలూ, కుదురుగా కూర్చుని వినండి. మధ్యలో లేవకూడదు.

ఆ అడవిలో మూడు ఏనుగులు సింహరాజుగారి కొలువులో ఉండేవి. పెద్దది భద్రమ్మ. దాని చెల్లెలు రత్తాలు. వాళ్ళ తమ్ముడు గంగులు. వేసవిలో ఏట్లో చెలమలు తవ్వడం వాళ్ళ పని. కాలితో ఇసుకను తవ్వి, తొండంతో ఎత్తి పోసేవాళ్ళు. అడుగున నీళ్ళు ఊరేవి. అడవి అంతా వచ్చి తాగేది. అందుకు బదులుగా రాజుగారి వెదురుపొదల్లో మేసే వీలు వాళ్ళకు ఉండేది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. మధ్యాహ్నం ఇసుక పెనంలా కాలేది. అయినా పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేదాకా తవ్వాలని రాజాజ్ఞ. రత్తాలు అరికాలు పగిలింది. పగులులోంచి నెత్తురు వచ్చింది.

ఏనుగుకు అరికాలు పోతే నిలబడలేదు. పడుకున్న ఏనుగు మళ్ళీ లేవడం కష్టం. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

"మిట్టమధ్యాహ్నం కాసేపు నీడకు పోనిస్తే చాలు. ఆ పని చల్లటి పూట చేసేస్తాం. రాజుగారికి చెప్పుకుందాం" అంది భద్రమ్మ.

అక్కడే చిక్కు వచ్చింది. ఆ అడవిలో జింకలు గుంపుగా వెళ్ళి గడ్డి లేదని మొరపెట్టుకోవచ్చు. కోతులు గుంపుగా వెళ్ళి గోల చేయవచ్చు. కొలువులో ఉన్నవాళ్ళకు మాత్రం ఆ వీలు లేదు. వాళ్ళు ఒక్కొక్కరే రావాలి. కూడబలుక్కుని వస్తే కొలువు పోతుంది. అది సింహరాజు తాతగారు పెట్టిన నియమం.

మొదటి రోజు గంగులు వెళ్ళాడు. గుహ వాకిట్లో దివాను ఉడుము కూర్చుని ఉన్నాడు. పట్టిన నియమాన్ని వదలడని ఆయనకు పేరు.

"ఈ మాట నీదా, ముగ్గురిదా?" అని అడిగాడు ఉడుము.

"ముగ్గురిదీ, దివాన్ గారూ."

"అంటే కూడబలుక్కున్నారన్నమాట. అది నేరం. ఈసారికి నేను విననట్టే. పో."

రెండో రోజు భద్రమ్మ వెళ్ళింది. ఉడుము అదే ప్రశ్న అడిగాడు.

"నాదే" అంది భద్రమ్మ జాగ్రత్తగా.

"నీ ఒక్కదాని కాళ్ళు మండుతున్నాయని అడవి అంతా దాహంతో ఉండాలా? తక్కిన ఇద్దరూ బాగానే ఉన్నారుగా. పో."

మూడో రోజు రత్తాలు కుంటుకుంటూ వెళ్ళింది. ఏమీ మాట్లాడలేదు. కాలెత్తి అరికాలు చూపించింది.

ఉడుము కాసేపు చూశాడు. "కాలు చూపిస్తే మొర కాదమ్మా. నోటితో చెప్పాలి. ఇంతకీ నీదా, ముగ్గురిదా?"

రత్తాలు వెనక్కి వచ్చేసింది. లోపల చల్లటి గుహలో రాజు "ఎవరు వచ్చారు?" అని అడిగితే, "ఎవరో ఒకరు ఏదో అన్నారు ప్రభూ, మామూలే" అన్నాడు ఉడుము.

ఆ సాయంత్రం దూరదేశాలు తిరిగే కొంగ ఒకటి చెలమ దగ్గర దిగింది. ఏనుగుల కథ విని ఆశ్చర్యపోయింది.

"నది అవతలి అడవిలో నీళ్ళు తోడేవాళ్ళంతా ఒకచోట చేరి తమలో ఒకరిని పెద్దగా ఎంచుకుంటారు. ఆ పెద్దతో రాజు ఎదురుగా కూర్చుని మాట్లాడతాడు. ఎంతకీ కుదరకపోతే, ముందుగా చెప్పి పని ఆపవచ్చు. కొండ మీది అడవిలో వేరు. అక్కడ చేరవచ్చు, చెప్పవచ్చు. పని మాత్రం ఆపకూడదు. తగవు తెగకపోతే ముసలి తాబేలు దగ్గరికి పోతారు. తాబేలు మాట రాజు కూడా వినాల్సిందే. మరి మీకు?"

"మాకు చేరడం లేదు, ఆపడం లేదు, తాబేలూ లేదు బావా. ఉడుము మాత్రం ఉన్నాడు" అన్నాడు గంగులు. తర్వాత అక్క వైపు తిరిగాడు. "రేపటి నుంచి తవ్వొద్దక్కా. గొంతులు ఎండితే అందరికీ తెలిసొస్తుంది."

"జింకపిల్ల నీకేం చేసిందిరా?" అంది భద్రమ్మ. గంగులు తల దించుకున్నాడు. భద్రమ్మే మళ్ళీ అంది, "రేపు తెల్లవారకముందే లేద్దాం. చెలమలన్నీ లోతుగా తవ్వి నీళ్ళు ఊరనిద్దాం. ఆ తర్వాత ముగ్గురం కలిసే వెళ్దాం."

"కొలువు పోతుందక్కా" అంది రత్తాలు.

"పోతుంది. నీ కాలు పోవడం కన్నా అది నయం."

అలాగే వెళ్ళారు. ముగ్గురిని ఒక్కసారే చూసి సింహరాజు మండిపడ్డాడు. వాళ్ళ మాట వినకుండానే, "కొలువు పోయింది. ఏట్లో అడుగు పెట్టవద్దు" అన్నాడు.

కోతులు చెట్ల మీద నుంచి వెక్కిరించాయి. "వెదురు తిని తిని కొవ్వెక్కింది. మాకెవరైనా వెదురు పెట్టారా?"

రాజు అడవిపందులను తవ్వమన్నాడు. పందులు నిటారుగా తవ్వాయి. ఇసుక జారి గోతులు పూడిపోయాయి. పాత చెలమలు రెండు రోజుల్లో ఎండాయి. కోతుల నోళ్ళు కూడా ఎండాయి. ఇక వెక్కిరింత వినపడలేదు.

మూడో రోజు ఒక లేడి ఏనుగుల దగ్గరికి వచ్చింది. "భద్రమ్మత్తా, నా పిల్ల లేవడం లేదు" అంది.

భద్రమ్మ లేచింది. గంగులు అడ్డు వచ్చాడు. "కొలువు తీసేశారుగా. ఇక మనకెందుకు?"

"కొలువు రాజు ఇచ్చాడు, రాజు తీసుకున్నాడు. తవ్వే కాలు ఆయన ఇచ్చింది కాదు" అంది భద్రమ్మ. ఏట్లోకి దిగి ఒకే ఒక్క చెలమ తవ్వింది. పసిపిల్లలు, పాలిచ్చే తల్లులు మాత్రమే తాగాలని చెప్పి అక్కడే కాపలా నిలబడింది.

ఉడుము పరుగున పోయి రాజుకు చెప్పాడు. రాజు దాహంతో ఉన్నాడు, కోపంతోనూ ఉన్నాడు. అప్పుడే తానే బయలుదేరాడు. అది మిట్టమధ్యాహ్నం.

పుట్టి బుద్ధెరిగాక ఆ వేళ ఆయన ఇసుకలో అడుగు పెట్టలేదు. పది అడుగులు వేశాడు. ఒక పంజా ఎత్తాడు, ఇంకొకటి ఎత్తాడు. చివరికి ఒక్క దూకు దూకి భద్రమ్మ నీడలో పడ్డాడు.

"ఇక్కడ ఎంతసేపు నిలబడతారు మీరు?" అన్నాడు రొప్పుతూ.

"పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేదాకా, ప్రభూ."

"నాకెవరూ చెప్పలేదే."

"చెప్పాం ప్రభూ. రత్తాలు పగిలిన అరికాలు కూడా చూపించింది. ఒక్కొక్కరం చెబితే ఎవరికీ వినపడలేదు. ముగ్గురం చెబితే నేరమైంది."

రాజు తన పంజా తిప్పి చూసుకున్నాడు. తర్వాత గట్టు మీద నీడలో పడుకుని ఉన్న రత్తాలు దగ్గరికి వెళ్ళి, దాని అరికాలు తానే చూశాడు.

మర్నాడు ఏనుగుల కొలువు తిరిగి వచ్చింది, తాతగారి నియమం పోయింది. కొలువులో ఉన్నవాళ్ళు ఇక కలిసి రావచ్చు. మధ్యాహ్నం నీడలో ఉండవచ్చు. తగవు తెగకపోతే తీర్చడానికి ఒక తాబేలును రాజూ ఏనుగులూ కలిసి ఎంచుకున్నారు. భద్రమ్మ కూడా ఒక మాట ఇచ్చింది. "ఎంత తగవు వచ్చినా పసిపిల్లల చెలమ మూయం." ఉడుము వాకిట్లోనే ఉన్నాడు గానీ, ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు.

రత్తాలు కాలు మానింది. కుంటు మాత్రం పోలేదు. అది ఏట్లోకి దిగినప్పుడల్లా మూడు నిండు అడుగులు, ఒక సగం అడుగు ఇసుకలో పడేవి. ఆ సగం అడుగు చూసినప్పుడల్లా సింహరాజు తల పక్కకు తిప్పుకునేవాడు.

నీతి: అందరికీ సేవ చేసేవారికి కూడా కలిసి తమ బాధ చెప్పుకునే హక్కు ఉండాలి. ఆ హక్కు అడిగేవారు తమ ధర్మాన్ని మరువరాదు. అది వినాల్సినవారు ఆలస్యం చేయరాదు.