బొట్టుగాడు పట్టిన కుందేలు

దగ్గరకు జరిగి కూర్చోండమ్మా. వెనకున్నవాళ్ళూ ముందుకు రండి, ఇవాళ నా గొంతు అంత దూరం నడవలేదు. ఆ చెన్నకేశవుణ్ణి ఒక్కసారి మనసులో తలుచుకోండి. తలుచుకున్నారా? ఇక వినండి.

గుట్ట కింద ఒక కందిచేను. చేనుకు కాస్త దూరంలో తిమ్మప్ప గుడిసె. గుడిసె ముందు సింగడనే ముసలి వేటకుక్క. పదకొండేళ్ళు కుందేళ్ళ వెంట పరుగెత్తి పరుగెత్తి, కూర్చుంటే లేవలేక, లేస్తే కూర్చోలేక ఉన్నాడు పాపం.

ఒకనాడు తిమ్మప్ప ఒక కుక్కపిల్లను తెచ్చాడు. నుదుట తెల్లమచ్చ ఉంది కనక బొట్టుగాడన్నాడు.

"సింగా, కంది కోసేలోగా వీడికి కుందేలు వేట నేర్పరా. నేర్పావంటే ఇక నువ్వు పరుగెత్తనక్కర్లేదు. గడప దగ్గర ఎండ కాచుకుంటూ పడి ఉందువు," అన్నాడు.

గడప, ఎండ. సింగడికి ఇంకేమీ వినిపించలేదు.

మర్నాడు పొద్దున్నే పిల్లను వెంటబెట్టుకుని చేనుకు బయలుదేరాడు. సగం దారిలోనే మోకాలు పట్టేసింది. గట్టు మీద కూలబడ్డాడు. బొట్టుగాడేమో మిడతల వెంట గంతులేస్తూ ఎటో పోయాడు.

అవతలి గట్టు మీంచి కుందేలమ్మ పలకరించింది. ఆ చేనులోనే ఆమె కాపురం, ఆ చేనులోనే ఆమె పిల్లలు.

"ఏం సింగన్నా, ఈ వయసులో మంచులో తిరుగుడేంది?"

"కర్మ. వాణ్ణి వేటకు తయారు చేయాలి."

"దానికి ఇంత దూరం రావాలా? మీ గుడిసె చూరులో మా మేనమామ తోలు వేలాడుతోంది కదా. దాన్ని వాకిట్లో ఈడ్చి ఎక్కడైనా దాచు. వాడు వాసన పట్టి వెతుక్కుంటాడు. నువ్వు పడుకునే నేర్పొచ్చు."

"నీ మేనమామ తోలు చూపించి నీకేం లాభం?"

"బతికుండగా ఆయన ఎవరికీ అక్కరకు రాలేదు. ఇప్పుడన్నా రానీ."

కుందేలు కుక్కకు ఉత్తపుణ్యానికి సలహా ఇవ్వదని సింగడికి తెలుసు, నాయనా. పదకొండేళ్ళుగా తెలుసు. కానీ మోకాలు సలుపుతోంది. తెలిసినదాన్ని పక్కన పెట్టి, లేచి ఇంటిదారి పట్టాడు.

ఆ రోజు నుంచి పాఠమంతా వాకిట్లోనే. పొగచూరి, పసుపూ బూడిదా పట్టి ఎండిన తోలు అది. సింగడు దాన్ని నోట కరచి ఈడ్చుకెళ్ళి రోలు వెనకో గడ్డివాము కిందో దాచేవాడు. బొట్టుగాడు ముక్కు నేలకానించి వెతికి తెచ్చేవాడు. వారం తిరిగేసరికి రెప్పపాటులో పట్టేస్తున్నాడు.

"తాతా, కుందేలంటే ఇదేనా?" అని అడిగాడొకనాడు.

సింగడు కళ్ళు మూసుకునే ఉన్నాడు. "ఇదేరా," అన్నాడు.

కంది కోతకొచ్చింది. తిమ్మప్ప బొట్టుగాణ్ణి చేను అంచున వదిలాడు. వాడు ముక్కు నేలకానించి బాణంలా దూసుకుపోయాడు. గట్టు మీద సింగడికి తోక ఆడించాలనిపించింది.

చేను నడుమ, గడ్డిదుబ్బు కింద, కుందేలమ్మ తన పిల్లల మీద ఒదిగి కూర్చుని ఉంది. బొట్టుగాడు రెండు మూరల దూరంలో ఆగాడు. వాసన చూశాడు. ఎన్నడూ ఎరగని వాసన.

"ఏమ్మా, కొంచెం పక్కకు జరుగుతారా? కుందేలును వెతుకుతున్నా."

కుందేలమ్మ పిల్లల్ని పొట్ట కిందికి ఇంకాస్త లాక్కుంది. "ఇక్కడేముంటుంది నాయనా. గాలి మీ ఇంటివైపు నుంచి కదా వీస్తోంది. అటు చూడు."

బొట్టుగాడు ముక్కెత్తాడు. పొగ, పసుపు, బూడిద. అంతే, వెనక్కి తిరిగి ఇంటికి పరుగు తీశాడు. చూరుకు ఎగిరి, తోలు పీకి, తెచ్చి తిమ్మప్ప కాళ్ళ ముందు పెట్టి, తోక ఊడిపోయేలా ఆడించాడు.

తిమ్మప్ప తోలును చూశాడు. పిల్లను చూశాడు. చివరికి సింగడివైపు తిరిగాడు.

"లేరా ముసలోడా. ఈ ఏడూ నువ్వే పరుగెత్తాలి."

అవతలి గట్టు మీద కుందేలమ్మ చెవులు కనిపించాయి.

"మోసం చేశావు కదమ్మా," అన్నాడు సింగడు నీరసంగా.

"నా పిల్లల్ని కాపాడుకున్నానన్నా. నీకు ఏం వినాలనుందో అదే చెప్పాను. వాడికి 'ఇదే కుందేలు' అని చెప్పింది నేను కాదుగా."

ఆ సాయంత్రం తోలు పక్కన పడుకున్న బొట్టుగాడు అడిగాడు: "తాతా, నేను తప్పు పట్టుకొచ్చానా?"

"నువ్వు సరిగ్గానే పట్టావురా. నేనే తప్పు చూపించాను."

తెల్లవారింది. సింగడు ముందుకాళ్ళు చాపాడు, మూలిగాడు, వెనక్కి పడ్డాడు. మళ్ళీ లేచాడు. బొట్టుగాణ్ణి వెంటబెట్టుకుని, కుంటుకుంటూ చేను నడుమ ఉన్న గడ్డిదుబ్బు దగ్గరికి చేరాడు. కుందేలమ్మ పిల్లలతో అప్పుడే గుట్టెక్కేసింది. పడక మాత్రం ఇంకా వెచ్చగా ఉంది.

"ఇక్కడ ముక్కు పెట్టు," అన్నాడు. "కుందేలంటే ఇదిరా."

బొట్టుగాడి వెన్ను మీద వెంట్రుకలు మొదటిసారి నిక్కబొడుచుకున్నాయి.

ఇందులో నీతి ఒక్కటే: అలిసినవాడికి సుఖమైన దారి చూపేవాడు ముందు తన దారి చూసుకుంటాడు.

ఇక ఇంటికి వెళ్ళండమ్మా, పొద్దుపోయింది. కథంతా మరిచిపోయినా ఫరవాలేదు. తప్పు నాదేనని పసివాడితో చెప్పి, నొప్పికాలితోనే మళ్ళీ చేనుకు నడిచాడే సింగడు, ఆ ఒక్క పని గుర్తుపెట్టుకోండి. ఇంట్లోవాళ్ళకు చెప్పండి. వీలైతే రేపు పొద్దున మీరూ ఒకసారి చేయండి.